ఇరవై రెండో గంట

ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడమని ఉదయం 11:40కి తీసిన రక్తం పావుగంటలో పై అంతస్తులోని నవజాత శిశువుల వార్డు నుంచి మా ల్యాబ్‌కు దిగింది. రక్తంలో క్రిములుంటే పెంచి పట్టుకునే కల్చర్ బాటిల్‌లో ఒక మిల్లీలీటరు, రెండు చిన్న ట్యూబుల్లో చెరో అర మిల్లీలీటరు, దారానికి కాస్త లావుగా ఉండే గాజు క్యాపిలరీ గొట్టం ఒకటి. బరువు 1,600 గ్రాములు, ఉమ్మనీరు ప్రసవానికి 26 గంటల ముందే పోయింది, ఈ ఉదయం నుంచి ఊపిరి ఎగపోస్తోంది, ట్యూబుతో పోసిన పాలు పొట్టలోనే నిలిచిపోతున్నాయి అని ఫారం మీద శ్రద్ధగానే రాశారు. వయసు దగ్గర మాత్రం ఎప్పటిలాగే ‘1 రోజు’ అని రాసి వదిలేశారు.

క్యాపిలరీ గొట్టాన్ని మా సీనియర్ టెక్నీషియన్ ఒక కొసన మైనంతో మూసి, నిటారుగా నిలబెట్టి, గడియారం చూసుకున్నాడు. రక్తకణాలు ఎంత వేగంగా కిందికి దిగుతాయో చూసే మైక్రో ఈఎస్‌ఆర్ అనే ఈ పరీక్షకు యంత్రమూ అక్కర్లేదు, వేరే రసాయనమూ అక్కర్లేదు. గంట గడిచాక ఎర్రటి స్తంభం పైన తేరిన లేత పసుపు నీటిని స్కేలుతో కొలిస్తే చాలు. మొదటి వారంలో బిడ్డ వయసు రోజులకు మూడు కలిపితే వచ్చేదే హద్దని పాత లెక్క, పదిహేను మిల్లీమీటర్లు దాటితే ఎవరికైనా అనుమానమే. ఈ బిడ్డకు నాలుగు వచ్చింది. ఈలోగా నేను స్లైడ్ చూశాను. క్రిములతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ నూరు లెక్కపెడితే పద్నాలుగు పూర్తిగా ఎదగనివి ఉన్నాయి, అంటే నిష్పత్తి 0.14, హద్దు 0.2. ఇన్ఫెక్షన్ ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్ సీఆర్‌పీ కూడా పది లోపే ఉంది, కానీ దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే ఇన్ఫెక్షన్ మొదలైన ఆరేడు గంటలకు గానీ కాలేయం దాన్ని రక్తంలోకి వదలదు, అది శిఖరానికి చేరేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

ఒంటిగంటన్నరకు ఇన్ఫెక్షన్‌ను పట్టిచ్చే మరో రక్త పరీక్ష, ప్రోకాల్సిటోనిన్ (పీసీటీ) వచ్చింది: 7.8. కంప్యూటర్ దాని పక్కన ఎర్ర అక్షరాల్లో ‘ఎక్కువ’ అని ముద్రించి, కింద హద్దు 0.5 అని చూపించింది. అది పెద్దవాళ్ల హద్దు. రిపోర్టు పైకి వెళ్లిన అయిదు నిమిషాలకే డ్యూటీలో ఉన్న పీజీ అమ్మాయి ఫోన్ చేసి, “మేడమ్, పీసీటీ ఏడు దాటింది, ఆంపిసిలిన్, జెంటామైసిన్ ఆపేసి మెరోపెనెమ్‌కు మారుద్దామనుకుంటున్నాం” అంది. మొదటి రెండూ మామూలుగా మొదలుపెట్టే యాంటీబయాటిక్స్, మెరోపెనెమ్ వాటికన్నా పెద్ద మందు. బిడ్డ ఎన్ని గంటలకు పుట్టిందని అడిగాను. కేస్ షీట్ చూడాలంది. నేనే మెట్లెక్కాను.

నిన్న మధ్యాహ్నం 1:40కి పుట్టింది. అంటే రక్తం తీసింది సరిగ్గా ఇరవై రెండో గంటలో. ప్రోకాల్సిటోనిన్‌కు ఉన్న మంచి గుణం ఇన్ఫెక్షన్ మొదలైన రెండు మూడు గంటల్లోనే పెరగడం మొదలుపెట్టడం. చెడ్డ గుణం ఏమిటంటే, ఏ ఇన్ఫెక్షనూ లేని బిడ్డలో కూడా అది పుట్టిన దగ్గర నుంచి తనంతట తానే పెరుగుతూ పోయి, సుమారు 24 గంటలకు శిఖరానికి చేరి, ఒక్కోసారి పది కూడా దాటి, మూడో రోజుకల్లా దిగిపోతుంది. ఇదే 7.8 నాలుగో రోజున వచ్చి ఉంటే నేనే పరుగెత్తుకుంటూ వచ్చేదాన్నని ఆ అమ్మాయికి చెప్పాను. బిడ్డకు జబ్బు లేదని దీని అర్థం కాదు, లక్షణాలున్నాయి కాబట్టి మొదలుపెట్టిన మందులు సాగాల్సిందే, పెద్ద మందుకు మారడానికి మాత్రం ఈ అంకె చాలదు అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, తమ ప్రొఫెసర్‌తో మాట్లాడి, కల్చర్ వచ్చేదాకా ఆగుదామంది.

నా పట్టుదలకు కారణం లేకపోలేదు. ఢిల్లీలో మూడు ఆస్పత్రుల్లో 2011 నుంచి 2014 వరకు నవజాత శిశువుల ఇన్ఫెక్షన్ల మీద జరిగిన డెనిస్ అనే అధ్యయనంలో శిశువుల రక్తంలో అన్నిటికన్నా ఎక్కువగా దొరికిన క్రిమి ఎసినెటోబాక్టర్, అందులో 82 శాతం అనేక మందులకు లొంగనివి. మనం మెరోపెనెమ్‌ను తొందరపడి వాడిన కొద్దీ ఆ లెక్క పెరిగేదే. నిజానికి ప్రోకాల్సిటోనిన్ బాగా అక్కరకొచ్చేది మందులు ఆపే వేళనే అని నా అభిప్రాయం. 2017లో వెలువడిన నియోపిన్స్ పరిశీలనలో, 1,710 మంది శిశువులలో, దాన్ని గంటల వారీ హద్దులతో చదివి యాంటీబయాటిక్ కాలాన్ని సగటున 65 గంటల నుంచి 55 గంటలకు తగ్గించగలిగారు.

కిందికి వస్తుంటే వార్డు తలుపు దగ్గర బిడ్డ అమ్మమ్మ ఆపింది. “పిడికెడంత లేదు, ఇన్నిసార్లు రక్తం తీస్తే ఇంకేం మిగులుతుందమ్మా?” అంది. ఆ బిడ్డ ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా ఒక టీ గ్లాసు నిండుతుందేమో, మేం తీసింది రెండు మిల్లీలీటర్లు. ఆమె భయం తప్పు కాదు. ఇక రేపటిదాకా తీయమని మాత్రం చెప్పగలిగాను.

సాయంత్రం సాఫ్ట్‌వేర్ చూసే అబ్బాయిని కూర్చోబెట్టి, మూడు రోజుల లోపు శిశువుల రిపోర్టులో ఆ ఎర్ర అక్షరాలు తీయించాను. ఫారంలో ‘పుట్టిన గంట’ అనే గడి కొత్తగా అచ్చు వేయించడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలియదు కాబట్టి, ఒక రబ్బరు స్టాంపు చేయించమన్నాను.

రాత్రి తొమ్మిదికి ల్యాబ్‌కు ఫోన్ చేశాను. యంత్రం పది నిమిషాలకోసారి బాటిల్‌ను చూసుకుంటోంది, క్రిమి పెరిగితే మోగాలి, ఇంకా మోగలేదని నైట్ డ్యూటీ అబ్బాయి చెప్పాడు. రేపు 11:40కి రెండో సీఆర్‌పీ. ఫారం మీద 46వ గంట అని రాయమని పైకి కబురు పంపాను.