పొట్టి .308 రైఫిల్‌కి చిన్న స్కోప్: ఎంపిక నుంచి జీరో దాకా

రైఫిల్, వేట చోటు

.308 విన్‌చెస్టర్ (తూటా రకం), బోల్ట్ యాక్షన్ (ఒక్కో తూటాను చేత్తో ఎక్కించే రకం), షార్ట్ యాక్షన్ (పొట్టి తూటాలకు సరిపడే చిన్న యంత్రభాగం), 18 అంగుళాల బ్యారెల్. చోటు టెక్సస్ హిల్ కంట్రీ. సీడర్ చెట్లు, ఓక్ గుబుర్ల మధ్య వైట్‌టెయిల్ జింకలు, అడవి పందులు. ఆ నేలలో గురి ఎక్కువగా 40 నుంచి 150 గజాల లోపే దొరుకుతుంది. జింకను సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట వరకు కాల్చడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. జింకలు గుబుర్లలోంచి బయటికొచ్చేది కూడా ఎక్కువగా ఆ మసక వెలుతురులోనే. అందుకే షాపులో ట్యూబ్‌లైటు కింద చూసి స్కోప్ (రైఫిల్ మీద బిగించే గురి దుర్బిణి) తీసుకోవడం తప్పు. వీలైతే పొద్దుగూకే వేళ షాపు బయటికి తెచ్చి, ఏదైనా చెట్టు నీడలోకి గురిపెట్టి చూడాలి.

ఏ సైజు

3-9×40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్స్ 40 మిల్లీమీటర్లు) అందరూ తీసుకునేది. చెడ్డది కాదు, కానీ ఈ పొట్టి రైఫిల్ మీద ముందు బరువు పెరుగుతుంది. 3 మీద పెట్టినా వంద గజాల దగ్గర 33 అడుగుల వెడల్పే కనిపిస్తుంది. 1-6×24 రకం దగ్గరి గురికి బ్రహ్మాండంగా ఉంటుంది. అయితే చాలా మోడళ్లు 500 గ్రాములు దాటుతాయి, మౌంటు బరువు దానికి అదనం. చివరికి తేలింది 2-7×33, ఒక అంగుళం ట్యూబు. బరువు 310 గ్రాముల దగ్గర. 2 మీద వంద గజాలకు నలభై అడుగులకు పైగా కనిపిస్తుంది కాబట్టి పొదల్లోంచి పరిగెత్తే పందిని వెతుక్కోవాల్సిన పని ఉండదు.

చిన్న ముందు లెన్స్ అంటే చీకట్లో పనికిరాదన్న భయం చాలామందికి ఉంటుంది. లెక్క చూడండి. లెన్స్ మిల్లీమీటర్లను మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం సైజు వస్తుంది. 33ని 7తో భాగిస్తే 4.7 మిల్లీమీటర్లు. 5 మీదకు తిప్పితే 6.6. మసక వెలుతురులో కుర్రవాళ్ల కంటిపాప సుమారు 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, యాభై దాటినవాళ్లకు 5 దాకా తెరుచుకుంటే గొప్ప. అంటే సాయంత్రం 7 మీదే ఉంచి ‘నల్లగా ఉంది’ అనుకోకుండా 4, 5 మధ్యకు తిప్పితే చాలు. ఈ దూరాలకు అంతకు మించి అక్కర్లేదు కూడా.

కొనేటప్పుడు మరొకటి చూసుకోవాలి. అదే 2-7×33 సైజు .22 రిమ్‌ఫైర్ కోసం కూడా వస్తుంది. దానికి పారలాక్స్ (కన్ను జరిగితే గురి గీత కూడా జరిగినట్టు కనిపించే తేడా) 50, 60 గజాలకు కట్టి ఉంటుంది. .308కి 100 గజాలకు కట్టినదే కావాలి.

రెటికిల్

రెటికిల్ అంటే స్కోపులో కనిపించే గురి గీతలు. అసలు ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే, తక్కువ ఆలోచించేదీ ఇక్కడే. గాజు ఎంత మంచిదైనా, గోధుమ రంగు జింక ఒంటి మీద సన్నగీత కనిపించకపోతే గురి కుదరదు.

ల్యూపోల్డ్ 1962లో తెచ్చిన డూప్లెక్స్ ఇప్పటికీ నిలబడిందంటే కారణం ఉంది. అంచుల నుంచి లావుగా వచ్చే నాలుగు గీతలు మధ్యకొచ్చేసరికి సన్నబడతాయి. మధ్య కూడలి మసకబారినా లావు గీతలు చూపును అక్కడికే తీసుకెళ్తాయి. జర్మన్ నంబర్ 4లో కింద, కుడి, ఎడమ మూడు కమ్మీలు ఇంకా లావుగా ఉంటాయి, పైన లావు కమ్మీ ఉండదు. చెట్ల నీడలో పందులకు దీన్ని మించింది లేదన్నది మా నిశ్చితమైన అభిప్రాయం. రైఫిల్ మీద పెట్టిందీ అదే, మధ్యలో చిన్న ఎర్రచుక్కతో. చుక్కను వెలుతురు తగ్గేకొద్దీ తగ్గించుకుంటూ రావాలి. ఎక్కువ పెడితే కంటిపాప ముడుచుకుని జంతువే మాయమవుతుంది. బ్యాటరీ అయిపోయినా నల్లగీతలతో పని జరగాలి. చుక్క ఆర్పి ఒకసారి గురిపెట్టి చూడటం తప్పనిసరి.

దూరంతో గుండు కిందకు పడటాన్ని లెక్కగట్టేందుకు కింద మెట్లుమెట్లుగా గీతలుండే బీడీసీ రెటికిల్‌ను కావాలనే వదిలేశాం. సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోపులో (మాగ్నిఫికేషన్ మార్చినా గీతల సైజు మారని రకం) ఆ గీతలు ఒకే మాగ్నిఫికేషన్ దగ్గర సరిపోతాయి, సాధారణంగా గరిష్ఠం దగ్గర. 7 మీద 3 ఎంఓఏ (కోణం కొలత; ఒక ఎంఓఏ 100 గజాల దగ్గర సుమారు ఒక అంగుళం) అయిన గీత 3.5 మీద 6 ఎంఓఏ అవుతుంది. 200 గజాల దగ్గర 6.3 అంగుళాలు అనుకున్నది 12.6 అయి కూర్చుంటుంది. జింక ఊపిరితిత్తుల చోటు 8 అంగుళాల గుండ్రం. ఆ తేడాతో గుండు పూర్తిగా తప్పినా నయమే, గాయపడి గుబుర్లలోకి పోతే ఆ పాపం కాల్చినవాళ్లదే. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో (మాగ్నిఫికేషన్‌తో పాటే గీతలూ పెరిగి తగ్గే రకం) ఈ లెక్క మారదు గానీ, 2 మీద గీతలు సాలెపోగులా సన్నబడతాయి. మనకు లావుగా కావాల్సింది సరిగ్గా అప్పుడే.

బిగింపు

చిన్న స్కోపులకు ట్యూబు మీద రింగులకు (స్కోపును పట్టి ఉంచే కడియాలు) దొరికే చోటు తక్కువ. .30-06 లాంటి లాంగ్ యాక్షన్‌కు రెండు ముక్కల బేసులు (రింగులు కూర్చునే దిమ్మెలు) వేస్తే రింగుల మధ్య దూరం ట్యూబుకు అందదు. అక్కడ ఒకే ముక్క పికటినీ రైలు (గాడులున్న పట్టీ) కావాలి. షార్ట్ యాక్షన్‌కూ రైలే వేశాం, ఐ రిలీఫ్ (కంటికీ వెనక లెన్సుకూ మధ్య దూరం) కోసం ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలుంటుందని.

స్క్రూలు, రంధ్రాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. రైలు స్క్రూలకు ఒక్క చుక్క నీలం లాక్‌టైట్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) సరిపోతుంది. అన్నిటికంటే ముందున్న స్క్రూ పొడవు చూసుకోవాలి. అది పొడవైతే లోపల బ్యారెల్ మరలకు గానీ బోల్ట్‌కు గానీ తగులుతుంది. బోల్ట్ మూసేటప్పుడు పట్టేస్తున్నట్టుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

ఐ రిలీఫ్ 7 మీద పెట్టి, వేటకు వేసుకునే జాకెట్‌తో చూసుకోవాలి. కళ్లు మూసుకుని చెంప స్టాక్ మీద ఆనించి, కళ్లు తెరిస్తే వృత్తం నిండుగా కనబడాలి. అంచుల్లో నల్లనీడ వస్తే స్కోపును జరపాలి. కంటికీ వెనక లెన్సుకూ మధ్య మూడున్నర అంగుళాలైనా ఉంచండి. బోర్లా పడుకున్నా, మిట్టకు ఎక్కుపెట్టినా తల ముందుకు జరుగుతుంది, .308 తన్నుకు కనుబొమ్మ చీలుతుంది.

నిలువు గీతను తాడుకు వేలాడదీసిన బరువుతో సరిచూసి, రింగు మూతల స్క్రూలను ఐమూలగా మార్చుతూ కొంచెం కొంచెంగా, రెండు పక్కలా సందు సమానంగా ఉండేలా బిగించాలి. ఈ రింగులకు 17 ఇంచ్-పౌండ్ల బిగువు. మీ రింగుల కాగితంలో ఉన్న అంకే మీకు లెక్క. మూత స్క్రూలకు లాక్‌టైట్ వద్దు. తడిగా ఉన్నప్పుడు అది నూనెలా జారి, అదే అంకెకు ఎక్కువ బిగుసుకుని ట్యూబు నొక్కుకుపోతుంది. అప్పుడు మాగ్నిఫికేషన్ రింగు కూడా గట్టిగా తిరుగుతుంది.

జీరో

జీరో అంటే గురిపెట్టిన చోటే గుండు తగిలేలా స్కోపును సరిచేయడం. దానికి రేంజికి వెళ్లే ముందు లైసెన్సు సంగతి. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో యజమాని అనుమతితో పందులను వేటాడటానికి 2019 సెప్టెంబరు నుంచి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదు. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్న మనవాళ్లు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. ఆ వీసాలవాళ్లు తుపాకీ, తూటాలు దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దానికున్న మినహాయింపుల్లో మనకు అందేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సే. కాబట్టి ముందు అది తీసుకోండి.

బోల్ట్ తీసి, బ్యారెల్‌లోంచి 25 గజాల టార్గెట్ చూసి, రైఫిల్ కదలకుండా రెటికిల్‌ను అక్కడికి తెచ్చాక తొలి తూటా. పావు ఎంఓఏ క్లిక్కు (స్కోపు సర్దుబాటు మరలో ఒక్క మెట్టు) 25 గజాల దగ్గర అంగుళంలో పదహారో వంతే జరుపుతుంది, అంగుళానికి 16 క్లిక్కులు. 100 గజాల జీరో కావాలంటే 25 దగ్గర గుండు అర నుంచి ముప్పావు అంగుళం కిందకు తగలాలి.

100 గజాల దగ్గర మూడేసి తూటాల గ్రూపులు, మధ్యలో బ్యారెల్ చల్లారనిచ్చి. ఒక్కో రంధ్రాన్ని చూసి తిప్పకుండా గ్రూపు మధ్యను చూసి తిప్పాలి. 150 గ్రెయిన్ (గుండు బరువు కొలత) గుండుతో, ఈ బ్యారెల్ వేగంలో 150 గజాలకు ఒకటిన్నర అంగుళం లోపే, 200కి నాలుగు అంగుళాల పైచిలుకు కిందకు పడుతుంది. 150 వరకు మధ్యలోనే గురిపెడితే సరిపోతుంది.

తర్వాత పెట్టె పరీక్ష: ఒకే చోట గురిపెట్టి 16 క్లిక్కులు పైకి, 16 కుడికి, 16 కిందకు, 16 ఎడమకు తిప్పుతూ కాల్చితే నాలుగంగుళాల చదరం గీసి మళ్లీ మొదటి రంధ్రం దగ్గరికే రావాలి. వచ్చింది. రాకపోతే ముందు రింగులు, రైలు చూడాలి, ఆ తర్వాతే స్కోపును తప్పుపట్టాలి.

మిగిలినవి: చల్లటి బ్యారెల్‌తో తొలి తూటా ఎక్కడ తగులుతుందో విడిగా కాగితం మీద గుర్తుపెట్టుకోవడం, వేటకు వాడబోయే అదే బ్యాచ్ తూటాలతో జీరో మళ్లీ సరిచూడటం, రైలు స్క్రూల బిగువును ఒకసారి పరీక్షించడం.