మా నాన్న, గోబర్ గ్యాసు, సూర్యగ్రహణం

మా ఇంటికి కరెంటు లేదంటే, బిల్లు కట్టలేదని పీకేసి ఉంటారని బడిలో అనుకునేవాళ్లు. అది కాదు, మా నాన్నే వద్దన్నాడని చెబితే ఇంకా నవ్వేవాళ్లు. ఇంటికి తీగ లాగించుకుంటే మన జుట్టు కరెంటు వాళ్ల చేతికిచ్చినట్టేనని ఆయన వాదన.

నాన్న బ్యాంకులో గుమస్తాగా ఉండేవాడు. 1991లో ఆ ఉద్యోగం మానేసి, చేతికొచ్చిన డబ్బుతో కదిరి దగ్గర ఐదెకరాల ఎర్ర నేల కొన్నాడు. ఊరికి దూరంగా, చేను మధ్యలోనే ఇల్లు. బండరాళ్ల గోడలు, పైన బోదగడ్డి కప్పు. అప్పటి మా అనంతపురం జిల్లా అంటే ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ అన్నీ బాగుంటే. అలాంటి చోట ఎవరి మీదా ఆధారపడకుండా బతికి చూపిస్తానని బయల్దేరిన మనిషి ధైర్యాన్ని ఇప్పటికీ మెచ్చుకుంటాను. కాకపోతే ఆ ధైర్యానికయ్యే ఖర్చంతా అమ్మ లెక్కలో పడేది.

మొదట కట్టింది గోబర్ గ్యాసు. గుంత తవ్వి, గోడ కట్టి, దాని మీద ఇనుప డ్రమ్ము బోర్లించాడు. పేడా నీళ్లూ సమంగా కలిపి పోస్తే లోపల గ్యాసు పుట్టి డ్రమ్ము మెల్లగా పైకి లేస్తుంది. మొదటిసారి లేచినప్పుడు నేనూ తమ్ముడూ గంతులేశాం. ఆయన లెక్క తప్పింది ఒక్కచోటే. అంత గుంతకు రోజుకు యాభై కిలోల పేడ కావాలి, అంటే నాలుగైదు పశువులుండాలి. మాకున్నవి రెండావులు, ఒక దూడ. పక్క చేలవాళ్లను అడిగితే ఎవరిస్తారు? అక్కడ పేడంటే ఎరువు, ఎరువంటే డబ్బు. దాంతో బడికి పోయే దారిలో పేడ ఎత్తుకొచ్చే పని మాకు పడింది. నాతో చదివే పిల్లలు చూస్తుండగా తట్టలోకి పేడ ఎత్తడం ఎలా ఉంటుందో విడిగా చెప్పక్కర్లేదు. ఇంతా చేస్తే చలికాలంలో గ్యాసు సరిగా పుట్టదు. డిసెంబరు నెలంతా అమ్మ మూడు రాళ్ల పొయ్యి ముందే కూర్చునేది.

ఈమధ్య మా ఆఫీసులో పిల్లలు ఉద్యోగాలు వదిలేసి పొలాల్లో బతుకుతున్నవాళ్ల వీడియోలు చూస్తూ, "అక్కా, మీరెంత అదృష్టవంతులో" అంటారు. ఆ వీడియోల్లో పేడ ఎత్తేవాళ్లు కనబడరు.

రేషన్ కార్డు కూడా వద్దన్నాడు నాన్న. అప్పట్లో కార్డు లేకపోతే కిరసనాయిలు వచ్చేది కాదు. అమ్మ ఊళ్లోకి పోయి, కార్డున్నవాళ్ల దగ్గర ఆ నీలం కిరసనాయిలే ఎక్కువ డబ్బిచ్చి కొనుక్కొచ్చేది. 1994 చివర్లో ఎన్టీ రామారావు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యాక కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. మనకెందుకు, కొర్రలు పండించుకుంటాం అన్నాడు. కొర్రలు అయిపోయాక అమ్మ పక్క చేను అవ్వ దగ్గర బియ్యం చేబదులు తెచ్చేది. అవి ఏ బియ్యమో నాన్న అడగలేదు, అమ్మ చెప్పలేదు.

నాన్నకు ఏమీ తెలియదని మాత్రం అనను. వేసవి రాత్రుల్లో మమ్మల్ని ఆరుబయట పడుకోబెట్టి నక్షత్రాలు చూపించేవాడు. వానాకాలం దాటాక తెల్లవారుజామున లేపి మరీ పిల్లల కోడి అనే చుక్కల గుంపును చూపించేవాడు. నాకు లెక్కల మీద భయం పోయింది ఆయన వల్లే. కానీ పరీక్ష ఫీజు కట్టాల్సిన రోజు మనిషి కనబడేవాడు కాదు. ప్రతి శివరాత్రికీ తిమ్మమ్మ మర్రిమాను చూపిస్తానని చెప్పేవాడు. కదిరి నుంచి పాతిక కిలోమీటర్లు, అంతే. నాకు పెళ్లయ్యాక మా ఆయనతో పోయి చూశాను.

ఇక 1995. అక్టోబరు 24న సంపూర్ణ సూర్యగ్రహణం. మాకు కొంతే కనబడుతుంది. మొత్తం చూడాలంటే రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా ఉన్న సన్నని దారిలో ఎక్కడో ఒకచోట ఉండాలి. నాన్న బెంగాల్‌లోని డైమండ్ హార్బర్ పోతానన్నాడు. అమ్మ నవ్వింది, ఊరికే అంటున్నాడనుకుని. సరిగ్గా అప్పుడే వేరుశనగ పీకాలి. ఒకరోజు తెల్లారేసరికి మనిషి లేడు. కూలీలకని బియ్యం డబ్బాలో దాచిన డబ్బూ లేదు.

నాన్న అటు వెళ్లాక ముసురు పట్టింది. మేం వేసింది టీఎంవీ-2 రకం. అప్పట్లో జిల్లాలో ఎక్కువమంది వేసేది అదే. ముదిరిన కాయకు తడి తగిలితే ఆగదు, నేలలోనే మొలకెత్తుతుంది. పోనీ ఎండ కాసేదాకా ఆగుదామంటే ఎర్ర నేల గట్టిపడి, చెట్టు చేతికొస్తుంది, కాయ లోపలే ఉండిపోతుంది. అమ్మకు ఇవన్నీ ఎవరూ నేర్పలేదు, చూసి చూసి తెలిసినవే. పక్క చేను అవ్వ ఇంటికి పోయి, డబ్బు లేదని ఉన్నమాట చెప్పింది.

"మీ ఆయప్ప ఎప్పుడొస్తాడంట?" అంది అవ్వ.

"సూర్యుడు బయటికొచ్చినాక" అంది అమ్మ.

అవ్వ కొడుకులు గుంటక కట్టుకుని వచ్చారు. వాళ్ల చేలో మేం పనిచేసి తీర్చేటట్టు మాట. బడి మాని నేనూ తమ్ముడూ పీకిన చెట్లు మోశాం. అప్పటికే చాలా కాయలకు తెల్లగా మొలకలొచ్చేశాయి. వాటిని ఏరి పక్కన పోస్తుంటే, అమ్మ ఆ కుప్ప వైపు చూడకుండా పనిచేసింది. గ్రహణం రోజు పొద్దున ఊరంతా ఇళ్లలోనే ఉంది. అమ్మ ఊరగాయ జాడీ మీద దర్భ వేసింది. నాన్న ఉంటే వెక్కిరించేవాడు.

వామి వేసేశాక వచ్చాడు. గడ్డం పెరిగి, చంకలో సంచితో. అమ్మ పలకలేదు, సంగటి మాత్రం పెట్టింది. ఆ సాయంత్రం అవ్వ, ఆమె కొడుకులు, ఇంకా ఊళ్లోవాళ్లు వచ్చి కూర్చుంటే ఆయన మొదలుపెట్టాడు. వెలుతురు ఇత్తడి రంగులోకి మారడం, పక్షులు గూళ్లకు మళ్లడం, నల్లటి సూర్యుడి చుట్టూ తెల్లటి వెలుగు, చివర్లో ఉంగరంలో రాయి మెరిసినట్టు ఒక్క చుక్క. ఉన్నదంతా కలిపి ఓ నిమిషం పైచిలుకు. దాన్ని ఆయన రెండు గంటలు చెప్పాడు. ఒక్కరూ లేవలేదు. ఆ రోజు నాకు కోపం వచ్చింది, కథ చెప్పినందుకు కాదు, అంత బాగా చెప్పినందుకు. ఈ సోదంతా ఎందుకని అవ్వైనా అంటుందేమో అని చూశాను. ఆమె, "మళ్లీ ఎప్పుడొస్తుంది సారూ?" అని అడిగింది.

ఇప్పుడు నాన్నకు డెబ్బై ఆరేళ్లు. అమ్మ నా దగ్గరే ఉంటోంది, ఆయన రానన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ పక్క చేనుదాకా వచ్చినా లైను తీసుకోలేదు. ఫోన్ చార్జింగుకు చిన్న సోలార్ పలక పెట్టుకున్నాడు. ఎకరన్నర కొర్ర వేస్తాడు, కలుపు తీయడానికి తమ్ముడు ఆదివారాలు పోతాడు.

మొన్న ఫోన్ చేశాడు. 2027 ఆగస్టు 2న ఈజిప్టులో, లక్సర్ దగ్గర, సంపూర్ణ గ్రహణమట. ఈసారి ఆరు నిమిషాల పైనే. ఇద్దరం పోదాం, టికెట్లు నువ్వు తియ్యి అన్నాడు.

"మరి చేను?" అన్నాను.

"ఆగస్టులో కలుపే గదా పాపా. ఎవరో ఒకరు తీస్తార్లే."

ఫోన్ స్పీకర్లో ఉంది. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "పోయి రమ్మను. కూలోళ్ల డబ్బు మాత్రం ముట్టొద్దని చెప్పు" అంది.