చలివేంద్రం ఐడియా, దానికి పడ్డ ప్రశ్నలు

ఎస్‌సీపీ ఫౌండేషన్‌కి కథలు రాయాలని కొత్తగా వచ్చేవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు: "అక్కా, ముందు రాసేసి చూపించాలా, ఐడియా చెప్పి అడగాలా?" ఐడియానే ముందు చెప్పండి. నాలుగైదు వాక్యాల్లో, ముగింపు దాచకుండా.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 2007లో 4చాన్ అనే ఇంటర్నెట్ చర్చా వేదికలో ఒకరు పేరు చెప్పకుండా పెట్టిన ఒక చిన్న రాతతో ఇది మొదలైంది. కన్నార్పితే కదిలి మెడ విరిచేసే కాంక్రీటు బొమ్మ గురించి, ఆఫీసు కాగితంలా రాసిన రాత. 2008కల్లా దానికో సొంత వెబ్‌సైటు ఏర్పడింది. ఇప్పుడు పదికి పైగా భాషల్లో, వేల రచనలతో, ఎవరైనా వచ్చి ఒక ఇటుక పేర్చగలిగే లోకం అయింది. వింత వస్తువులను పట్టి, జనానికి తెలియకుండా బంధించి ఉంచే ఒక రహస్య సంస్థ ఉంటుంది. మనం రాసేది ఆ సంస్థ ఫైళ్లు. ముందు ఆ వస్తువును ఎలా బంధించి ఉంచాలో, తర్వాత అదేమిటో, ఆ తర్వాత ప్రయోగాల నోట్సు, ఇంటర్వ్యూలు. చదివినవాళ్లు ప్లస్సో మైనస్సో వేస్తారు. మొత్తం మైనస్ పదికి పడితే ఆ రచనను తీసేసే పరిస్థితి వస్తుంది.

నేను మందుల కంపెనీలో క్యూఏ (నాణ్యత చూసే విభాగం) ఉద్యోగిని. రోజంతా ఎస్ఓపీలు (పని ఎలా చేయాలో చెప్పే పత్రాలు), డీవియేషన్ రిపోర్టులు (ఆ పద్ధతి ఎక్కడ తప్పిందో రాసే కాగితాలు). "ఆపరేటర్‌కు పునఃశిక్షణ ఇవ్వడమైనది" అని ఒక లైను రాస్తాం. దాని వెనక ఆ రాత్రి షిఫ్టులో ఒక మనిషి పడ్డ టెన్షన్ అంతా ఉంటుంది, కాగితంలో మాత్రం ఒక్క ముక్కా ఉండదు. ఈ రకం హారర్ నాకు ప్రాణం కావడానికి కారణం అదే. కాగితం చల్లగా మాట్లాడుతున్నకొద్దీ చదివేవాడికి వణుకు పెరుగుతుంది.

కానీ ఆ కాగితం తయారు చేయడం పెద్ద పని. అంతా రాసేసి చూపిస్తే చదివేవాళ్లు కూడా కాగితాన్నే చూస్తారు. "ఇక్కడ కొలతలు మెట్రిక్‌లో ఉండాలి", "ఈ పేరా టోన్ తప్పింది" అంటారు. అవన్నీ నిజమే. అసలు కథకు గుండెకాయ ఉందా లేదా అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఎవరో రాత్రిళ్లు కూర్చుని రాసింది కళ్లెదుట ఉంటే, మొత్తం పీకేయమని చెప్పడానికి మంచివాళ్లకు నోరు రాదు. నాలుగు వాక్యాలనైతే మొహమాటం లేకుండా విరిచేస్తారు.

ఈ వేసవిలో నేను చూపించిన వాక్యాలు ఇవి:

"ఎండాకాలంలో హైవే పక్కన తాటాకు పందిరి కింద ఒక చలివేంద్రం కనిపిస్తుంది. ఎవరు పెట్టారో తెలియదు. అక్కడ ఒక్క గ్లాసు తాగినవాళ్లకు ఇక జన్మలో దాహం వేయదు. వాళ్లు నీళ్లు మానేస్తారు, వారం తిరక్కముందే పోతారు. ఫౌండేషన్ ఆ కుండను స్వాధీనం చేసుకుంటుంది."

2015 మే నెలలో వడగాలులకు మన రెండు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వయసు మీరినవాళ్లకు ఒంట్లో నీరు తగ్గుతున్నా దాహం సరిగా తెలియదని డాక్టర్లు చెబుతారు. ఆ సంగతి నా మనసులో ఎప్పట్నుంచో ఉంది, ఈ ఐడియా అక్కడిదే.

మా ల్యాబ్‌లో విజయనగరం వైపు కుర్రాడొకడున్నాడు, ఈ ఫైళ్లన్నీ చదువుతాడు. క్యాంటీన్‌లో వాడికి ఫోన్ ఇచ్చాను. చదివి, "అక్కా, దాహం వేయకపోతే గడియారం చూసుకుని తాగుతారు కదా. గంటకో గ్లాసు. ఇందులో భయమేముంది?" అన్నాడు.

అంతే. ఒక్క అలారం పెట్టుకుంటే నా భూతం చచ్చిపోయింది. అది డ్రాఫ్ట్ పూర్తయ్యాక వినాల్సి వస్తే ఎంత బాధ! ఇంకా నాలుగు వాక్యాలే కాబట్టి హాయిగా వాడి గంటకో గ్లాసును తీసుకెళ్లి బంధించే పద్ధతుల్లో పెట్టేశాను. "బాధితులకు ప్రతి గంటకు 250 మిల్లీలీటర్ల నీరు, సంతకం తీసుకుని ఇవ్వవలెను." అచ్చం మా రిజిస్టర్‌లాగే ఉంది.

రెండో ప్రశ్న మా అమ్మ వేసింది. నేను రాసుకున్నది ఇంగ్లిష్‌లో, అమ్మ అది చదవదు, కాబట్టి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే పక్కన కూర్చుని కథలా చెప్పాను. అంతా విని, "మరి ఆ కుండలో నీళ్లు పోసేదెవరే?" అంది.

చలివేంద్రం అంటే అమ్మకు కుండ కాదు, మనిషి. వాళ్ల ఊళ్లో ఒక ముసలాయన కూర్చునేవాడట. కింద తడి ఇసుక, కుండ చుట్టూ తడిపిన గోనెసంచి, లోపల వట్టివేళ్లు. పొద్దున్నే బిందెలతో బావి నీళ్లు మోసుకొచ్చి నింపేవాడట. దారిన పోయేవాళ్లు దోసిలి పడితే పైనుంచి ముంతతో పోసేవాడు. "ఆయనకు దాహం వేస్తే ఎవరు పోసేవాళ్లో మేమెప్పుడూ అడగలేదు" అంది అమ్మ, ఈనె తీస్తూనే.

ఆ రాత్రే ఐడియా మారిపోయింది. తాగినవాళ్ల దాహం ఎక్కడికి పోతుంది? పోసే మనిషిలోకి. అతను ఎంత తాగినా తీరదు. అతను పోతే పందిరి ఇంకో ఊళ్లో వెలుస్తుంది, అక్కడ ఇంకెవరో వచ్చి కూర్చుంటారు. కాబట్టి నీళ్లు పోసే మనిషి కూర్చునే పీటను ఫౌండేషన్ ఖాళీగా ఉంచకూడదు. డ్యూటీ చార్టు వేయాలి. ఎవరి పేరు రాయాలి?

ఇంతకు ముందు లేనిది ఇప్పుడు వచ్చింది: చార్టు వేసే మనిషి. భయం ఆ మనిషి దగ్గరుంది.

ఇలా ప్రశ్నలు రావాలంటే మనం అడిగే తీరూ బాగుండాలి. "బాగుందా?" అంటే "బాగుంది" అంటారు, అక్కడితో సరి. నేను అడిగేవి వేరు. ఎక్కడ ముందే ఊహించారు? ఆ సంస్థలో మీరు పనిచేస్తుంటే దీన్ని ఎలా ఆపుతారు? ఇందులో ఎవరి మీద జాలి కలిగింది? మూడోదానికి జవాబు రాలేదంటే అది ఇంకా వస్తువే, కథ కాలేదు. ముగింపు దాచి సస్పెన్స్‌లో పెట్టడం మాత్రం వద్దు. సలహా ఇచ్చేవాడు పాఠకుడు కాదు, మనతో కలిసి పనిచేసేవాడు. చివర ఏమవుతుందో తెలియకుండా అతనేం చెప్పగలడు?

ఐడియా కొట్టేస్తారేమోనని చాలామంది భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, కానీ ఈ లోకం నడిచేదే పంచుకోవడం మీద. ఇక్కడి రాతలన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి. రాసినవాళ్ల పేరు చెప్పి, అదే లైసెన్సు కింద పెడితే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. నా చలివేంద్రాన్ని రేపు ఇంకెవరో తమ కథలోకి తీసుకెళ్తే నాకు పండగే. మొట్టమొదటి కాంక్రీటు బొమ్మ ఫోటోనే చూడండి. అది జపాన్ శిల్పి ఇజుమి కాటో చేసిన శిల్పం, ఆ లైసెన్సు కింద ఇచ్చింది కాదు. అందుకని 2022లో ఆ ఫోటోను తీసేశారు. రాత మాత్రం నిలబడే ఉంది. బొమ్మ లేకపోయినా భయపెట్టగలిగింది కాబట్టే ఆ ఐడియా అంత గట్టిది.

కొత్త ఐడియాను మళ్లీ నాలుగు వాక్యాలు చేసి, చలివేంద్రం అంటే ఏమిటో తెలియని ఒక విదేశీ రచయితకు కూడా పంపాను. డ్యూటీ చార్టులో ఖైదీల పేర్లు పెట్టొద్దని ఆవిడ సలహా ఇచ్చింది. ఫౌండేషన్ కథల్లో ఖైదీలను ప్రయోగాలకు వాడటం అలవాటే, చదివి చదివి ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదంది. చార్టులో స్టాఫ్ పేర్లే ఉండాలి, వేసవి సెలవులు అడిగినవాళ్లవి ముందుగా. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

శనివారం నుంచి డ్రాఫ్ట్ మొదలుపెడుతున్నా. ముందు చార్టు రాస్తాను, మిగతా ఫైలంతా దాని చుట్టూ వస్తుంది. వస్తువును బంధించి ఉంచడం ఎంత కష్టమో చెప్పడానికి ఫైల్లో ఒక క్లాసు రాస్తాం; యూక్లిడ్ కంటే కెటర్ కష్టమైనది. ఇది యూక్లిడ్ క్లాసా, కెటర్ క్లాసా అన్నది మాత్రం తేలలేదు. మా కుర్రాడు కెటరే అంటున్నాడు, పందిరి ఎప్పుడు ఎక్కడ లేస్తుందో చెప్పలేం కాబట్టి. పీట మీద మనిషి ఉన్నంతకాలం పందిరి కదలదు కదా, యూక్లిడ్ చాలని నా వాదన.