వచ్చిన బస్సు, రాని బస్సు

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు తెలుగు చెప్తుంటాను. వాళ్ళని ఎక్కువ టెన్షన్ పెట్టేది గుణింతాలు కాదు, క్రియలోంచి నామవాచకం తీయడం. '-డం' తగిలిస్తే పనైపోతుంది నిజమే: ఆడడం, నడవడం, కొలవడం. కానీ భాష అక్కడితో ఊరుకోదుగా, ఆడు నుంచి ఆట, నడుచు నుంచి నడక, కొలుచు నుంచి కొలత, గెలుచు నుంచి గెలుపు, తిను నుంచి తిండి, ఏ క్రియకు ఏ తోకో వినీ వినీ పట్టుకోవాల్సిందే. 'ఆట' సులువు, కన్నడలోనూ ఆటే. (కన్నడ 'ఓట' మాత్రం పరుగు, మన ఓటమితో కలపకండి.)

అసలు మజా విశేషణాల్లో ఉంది. 'దోసె తిన్న పిల్లాడు', 'పిల్లాడు తిన్న దోసె', 'దోసె తిన్న ప్లేటు', మూడింట్లోనూ అదే 'తిన్న'. ఎవరు తిన్నారో, ఏం తిన్నారో, దేంట్లో తిన్నారో మనమే పట్టేస్తాం. వీటిని క్రియాజన్య విశేషణాలంటారు, పిల్లల ముందు ఆ పేరెత్తితే పారిపోతారు. వచ్చిన బస్సు, వచ్చే బస్సు అని కాలాన్ని బట్టి రూపం మారుతుంది గానీ, వ్యతిరేకంలో ఆ తేడాయే ఉండదు: నిన్న రాని బస్సైనా, రేపు రాని బస్సైనా 'రాని' బస్సే. ఇక్కడి సిల్క్‌బోర్డు జంక్షన్ దగ్గర బస్సు కోసం నిలబడేవాళ్ళకి ఇది విడిగా చెప్పక్కర్లేదు.