ఎలుకల మేత, మా పర్లాకిమిడి అంబలి

ఒడిశాలోని మా పర్లాకిమిడి వదిలి అమెరికా వచ్చాక నా ఉద్యోగమంతా ఎలుకల మేత చుట్టూనే. మా ల్యాబ్‌లో ఉండేవి సి57 అనే నల్ల చిట్టెలుకలు. కొవ్వు మేత పెడితే తొందరగా ఒళ్ళు చేసే జాతి ఇది. అదే మేత పెట్టినా ఏ/జె అనే జాతి అంతగా లావెక్కదు.

కొవ్వు మేత నీలం రంగు గుళికల్లో వస్తుంది. కేలరీల్లో 60 శాతం కొవ్వు నుంచే, అందులోనూ ఎక్కువ భాగం పంది కొవ్వు. వేళ్ళ మధ్య నొక్కితే మెత్తగా నలిగిపోయి గ్లవ్స్‌కి జిడ్డు పట్టేస్తుంది. బోనులో పరిచిన పొట్టులో రాలిన ముక్కలు ఏరి తూచాలి. లేకపోతే అవి కూడా తిన్న లెక్కలో కలిసిపోతాయి. సంక్రాంతి రోజైనా ఈ పని తప్పదు. ఇంటి నుంచి ఫోన్ వస్తే గది బయటికి వచ్చాకే మాట్లాడతాను.

ఇంత జాగ్రత్తగా తూచాక కూడా లెక్క పాడయ్యేది ఒక చోట ఉంది. కొవ్వు మేతను దేనితో పోలుస్తున్నాం? చాలా పరిశోధనల్లో మామూలు మేతతో పోల్చేస్తారు. అది మొక్కజొన్న, గోధుమ, సోయాతో చేసింది. రకరకాల పీచు ఉంటుంది, సోయా నుంచి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌లా పనిచేసే పదార్థాలూ ఉంటాయి. నీలం గుళికలో ప్రోటీన్ పాల నుంచి తీసిన కేసిన్, పీచు వట్టి సెల్యులోజ్. దాన్ని పేగుల్లో సూక్ష్మజీవులు పెద్దగా వాడుకోలేవు. ఇన్ని తేడాలుండగా ఎలుక లావెక్కింది కొవ్వు వల్లే అని ఎలా రాస్తాం? కేసిన్, సెల్యులోజ్, చక్కెర అన్నీ సమానంగా ఉంచి, కొవ్వు ఒక్కటే 10 శాతానికి దించి, ఆ మేరకు పిండిపదార్థం పెంచిన మేత పక్కన ఉండాలి. చివరికి ఆ ఎలుకల ప్రాణం తీసే ఈ లెక్కలు రాస్తున్నాం. పోలిక తప్పయితే ఆ ప్రాణాలు వృథా. ఈ విషయంలో నాకు నిజంగా కోపం వస్తుంది.

సరిగ్గా పోల్చినవీ ఉన్నాయి. 2018లో వచ్చిన ఒక పరిశోధనలో 29 రకాల మేతలు పెట్టి చూశారు. ప్రోటీన్ 5 నుంచి 30 శాతం దాకా, చక్కెర 5 నుంచి 30 దాకా మార్చారు. ఎలుకలు ఎక్కువ తిని కొవ్వు పట్టింది మేతలో కొవ్వు పెంచినప్పుడే.

మొన్న సెలవుల్లో ఇంటికి వెళ్తే మావయ్య చెప్పాడు, "అన్నం మానేసి చోడి అంబలి తాగుతున్నాను బాబూ, షుగర్ దిగిపోయింది" అని. చోడి అంటే రాగులు. ఇంకేం మారాయని అడిగాను. వేపుళ్ళు మానేశాడు. పొద్దున్నే మహేంద్రతనయ నది గట్టు మీద నడుస్తున్నాడు. మాత్రలు మొదలయ్యాయి. ఇంతలో వంటింట్లోంచి అత్త, "పదింటికి తినేవారు, ఇప్పుడు ఏడింటికే తినేస్తన్నారు కదా, అది చెప్పరేటి?" అంది.

అత్త చెప్పింది చిన్న విషయం కాదు. ఒడిశాలోనే వ్యవసాయ డిగ్రీ చదివిన సచ్చిదానంద పండా అనే శాస్త్రవేత్త బృందం 2012లో ఎలుకల మీద ఇదే చూసింది. కొవ్వు మేతే, కేలరీలూ దాదాపు అంతే. కానీ రాత్రిపూట ఎనిమిది గంటల పాటు మాత్రమే తిననిచ్చిన ఎలుకలు, రోజంతా తిన్నవాటంత లావెక్కలేదు. ఎలుకలు రాత్రి తిరిగే జీవులు కాబట్టి వాటికి రాత్రే పగలు.

"మరైతే నాకు ఏది పనిచేసినట్టు బాబూ?" అన్నాడు మావయ్య. అన్నీ ఒకేసారి మారాయి కాబట్టి విడదీసి చెప్పలేనన్నాను. అంబలి మానక్కర్లేదు, డాక్టర్ని అడక్కుండా మాత్రలు మాత్రం ఆపొద్దని చెప్పి, ఆయన రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టి వచ్చాను.