"కడిగావు కదా?"

మదనపల్లె వైపు ఒక పాలశీతలీకరణ కేంద్రానికి నేను ఇన్‌ఛార్జిగా ఉన్నప్పటి సంగతి ఇది. చుట్టుపక్కల పదహారు ఊళ్ల పాలు క్యాన్లలో, ఆటోల మీద మా దగ్గరికి వచ్చేవి. పిండిన పాలు ఆవు ఒంటి వేడితోనే ఉంటాయి. మూడు నాలుగు గంటల్లో కూలర్‌లో పడి 4 డిగ్రీలకు దిగాలి. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా, టెస్ట్‌ట్యూబులో కాసిన్ని పోసి కాచగానే విరిగిపోతాయి. విరిగిన క్యాన్ వెనక్కి పంపేయడమే.

ఆ ఏప్రిల్లో రూట్ చివరి ఊరి సాయంత్రం పాలు ఒకే వారంలో నాలుగుసార్లు విరిగాయి. అక్కడి ఏజెంటు అరవై దాటిన మనిషి, ఇరవై ఏళ్లుగా పాలు పోస్తున్నాడు. ఆ నష్టమంతా ఆయన బిల్లులోంచే కోస్తున్నాం.

అంతకుముందు నెలలోనే మాకో ట్రైనింగ్ పెట్టారు. టయోటా కార్ల కంపెనీలో తాయిచి ఓనో అనే ఇంజనీరు వాడిన పద్ధతి అని చెప్పారు. వరసగా ఐదుసార్లు 'ఎందుకు' అని అడుగుతూ పోతే అసలు కారణం దొరుకుతుందట. నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీసుకున్నాను. ఇక ఊరుకుంటానా? పెద్దాయన్ని పిలిచి కూర్చోబెట్టాను.

"పాలు ఎందుకు విరుగుతున్నాయన్నా?"

"ఎండలు సార్."

"ఎండలు అందరికీ ఉన్నాయి. మీ పాలే ఎందుకు?"

"మాది దూరం గదా సార్."

"ప్రతి వేసవిలోనూ దూరమే. ఇప్పుడే ఎందుకు?"

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "పొద్దుటి పాలు సాయంత్రం పాలల్లో కలుపుతున్నానంటారా? ఆ మాటేదో నేరుగా అనండి సార్." అని వెళ్లిపోయాడు. మిగతా రెండు ఎందుకులూ నా దగ్గరే ఉండిపోయాయి.

ఆ రాత్రి నోట్సు మళ్లీ తీశాను. ఓనో చెప్పిన ఉదాహరణ అందులోనే ఉంది. యంత్రం ఎందుకు ఆగింది? లోడ్ ఎక్కువై ఫ్యూజ్ పోయింది. లోడ్ ఎందుకు ఎక్కువైంది? బేరింగ్‌కు ఆయిల్ చాలలేదు. ఎందుకు చాలలేదు? పంపు సరిగ్గా లాగడం లేదు. ఎందుకు లాగడం లేదు? దాని షాఫ్ట్ అరిగింది. ఎందుకు అరిగింది? జల్లెడ లేక ఇనుప రజను లోపలికి పోయింది. ఇందులో ఎక్కడా మనిషి లేడు. నేను యంత్రాన్ని అడగాల్సిన ప్రశ్నను మనిషి మీద పెట్టాను. పైగా మన ఇళ్లల్లో 'ఎందుకు' అన్న మాట వినపడేదే తిట్టేటప్పుడు. 'ఎందుకు ఆలస్యమైంది', 'ఎందుకు తగ్గాయి మార్కులు'. ఆ మాట చెవిన పడగానే ఎవరైనా సాకు వెతుక్కుంటారే తప్ప జవాబు కాదు.

మర్నాడు ఆటో డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చున్నాను. ఒకటే అడిగాను: "ఖాళీ క్యాన్ నీ ఆటో ఎక్కిన దగ్గర్నుంచి, పాలతో మళ్లీ మా దగ్గర దిగేదాకా ఏమేం జరుగుతుందో వరసగా చెప్పు." అడిగాక నోరు మూసుకోవడం నాకు చేతకాదు. అవతలివాళ్లు ఆలోచించుకునేలోపు జవాబు నేనే అందిస్తాను. అందుకని దవడకింద ఒక లవంగం పెట్టుకున్నాను. అది నమిలేంతసేపూ మాట్లాడకూడదని లెక్క.

డ్రైవర్ చెప్పుకుంటూ పోయాడు. డీజిల్ బంకు, స్కూల్ పిల్లలు, మలుపు దగ్గర గుంత. అన్నీ అయ్యాక, మాటలో మాటగా, "ఆ ఊళ్లో మూత తియ్యగానే గుప్పున వాసన కొడుతుంది సార్ ఈమధ్య" అన్నాడు. పాలు పోయకముందే! అంటే ఖాళీ క్యాన్ వాసన. ఆ క్యాన్లు కడిగి పంపేది మేమే.

తిరిగొచ్చి నేరుగా క్యాన్లు కడిగే షెడ్డుకు వెళ్లాను. అక్కడి కుర్రాణ్ని రోజూ పొద్దున్నే నేను అడిగే మాట ఒక్కటే: "క్యాన్లు కడిగావు కదా?" వాడు రోజూ చెప్పేదీ ఒక్కటే: "ఆఁ సార్." ఆరోజు మాత్రం, "ఎలా కడుగుతున్నావో చూపించు" అన్నాను. సోడా వేశాడు, బ్రష్ తిప్పాడు, చన్నీళ్లతో కడిగేసి తడి మీదే మూత బిగించాడు. వేడినీళ్ల బాయిలర్‌లో కాయిల్ కాలిపోయి పన్నెండు రోజులైంది. దగ్గరి ఊళ్ల పాలు త్వరగా వచ్చేస్తాయి కాబట్టి బయటపడలేదు. దూరపు ఊరివి పట్టుబడ్డాయి.

వాడు అబద్ధం చెప్పలేదు. కడిగాడు. నేనే 'కదా' తగిలించి జవాబు వాడి నోట్లో పెట్టాను. 'కదా'తో ముగిసేది అసలు ప్రశ్నే కాదు, తలూపమని చెప్పడం. 'అర్థమైందా?' కూడా దాని చెల్లెలే.

పెద్దాయన ఇంటికి వెళ్లి తప్పు మాదేనని చెప్పాను. కోసిన డబ్బు తిరిగి ఇప్పించడానికి రెండు బిల్లుల కాలం పట్టింది. ఆయన మజ్జిగ ఇచ్చాడు గానీ ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటాడు. ఉండనీ.

ఇంటర్ చదివే మా అమ్మాయి దగ్గరా 'పరీక్ష బాగా రాశావు కదా' మానేశాను. "ఏ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగావు?" అని అడిగితే, పావుగంట ఫిజిక్స్ గురించి చెప్పింది. మా ఆవిడ వంటింట్లోంచే, "ఇంట్లో కూడా ఎంక్వయిరీ మొదలెట్టారా?" అంది. ఆవిడ మాటలోనూ న్యాయముంది. వరసగా నాలుగు అడిగితే ఏ ప్రశ్నయినా విచారణే.

అన్నిచోట్లా ఇది పనికొస్తుందని కూడా అనను. పాల సాంద్రత కొలిచే లాక్టోమీటర్ ఉండాల్సినదానికంటే తగ్గి 22 దగ్గర నిలబడితే, "ఏం జరిగిందో వరసగా చెప్పండి" అని నేనైతే అడగను. నీళ్లు కలిశాయని చెప్పేస్తాను.

బాయిలర్ బాగుచేయించిన వారానికి కడిగే కుర్రాడు ఆఫీసు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చేతిలో క్యాన్ మూత రబ్బరు రింగు. వంచి చూపించాడు, అంతా పగుళ్లు, పగుళ్లలో తెల్లగా పేరుకున్న పాల జిగురు.

"మీరు అడగలేదు గానీ సార్, ఇలాంటివి ఇంకా ఉన్నాయి."

లవంగం కోసం జేబు తడుముకుంటూ, కుర్చీ అతని వైపు జరిపాను.