యాంటీవైరస్ ఆఫ్ చేసినా చెక్‌డిస్క్ ఎందుకు మొరాయిస్తుంది

విండోస్‌లో డిస్క్‌లోని తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ మధ్యలో ఆగిందనగానే ఎవరైనా చెప్పే మొదటి మాట "యాంటీవైరస్ ఆఫ్ చేసి చూడు". మాట మంచిదే. కానీ గడియారం పక్కన ఐకాన్ మీద రైట్ క్లిక్ కొట్టి "పాజ్" నొక్కితే ఆగేది స్కానింగ్ మాత్రమే. దాని డ్రైవర్, అంటే విండోస్ లోపలి భాగమైన కెర్నెల్‌లో పనిచేసే ప్రోగ్రామ్, అక్కడ అలాగే కూర్చుని ఉంటుంది. డిస్క్ టూల్‌తో పేచీ వచ్చేది చాలాసార్లు ఆ డ్రైవర్ దగ్గరే. ఈ తేడా తెలియక జనం గంటలకు గంటలు పోగొట్టుకుంటున్నారు, చివరికి అనవసరంగా ఫార్మాట్ దాకా వెళ్తున్నారు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మీ మిషన్‌లో ఎవరెవరు కూర్చున్నారో చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి "ఎఫ్ఎల్‌టీఎంసీ" అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఫైల్ సిస్టమ్ ఫిల్టర్ డ్రైవర్ల, అంటే ఫైళ్లకు వెళ్లే దారిలో కాపలా కూర్చున్న డ్రైవర్ల జాబితా వస్తుంది. ప్రతి పేరు పక్కన ఆల్టిట్యూడ్ అని ఒక నంబర్ ఉంటుంది. ఫైల్ సిస్టమ్‌కు వెళ్లే ప్రతి రిక్వెస్టూ ఈ చెక్‌పోస్టుల మీదుగా, పెద్ద నంబర్ నుంచి చిన్న నంబర్‌కు దిగుతుంది. 320000 నుంచి 329998 వరకు యాంటీవైరస్‌ల కోటా. విండోస్ సొంత డిఫెండర్ డ్రైవర్ 328010 దగ్గర ఉంటుంది. 140000ల్లో ఎన్‌క్రిప్షన్, 280000ల్లో కంటిన్యువస్ బ్యాకప్. ఇప్పుడు ట్రే ఐకాన్‌లో యాంటీవైరస్‌ను పాజ్ చేసి, అదే కమాండ్ మళ్లీ కొట్టండి. జాబితాలో ఒక్క లైను కూడా తగ్గదు. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సర్వీసులన్నీ తీసేసి "క్లీన్ బూట్" చేసినా ఇంతే, ఎందుకంటే అక్కడ ఆగేవి సర్వీసులు, డ్రైవర్లు కావు. చేత్తో అన్‌లోడ్ చేద్దామన్నా, తనను తాను కాపాడుకునే యాంటీవైరస్ ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే సరైనది కూడా. మనం తీయగలిగితే వైరస్ కూడా తీయగలదు.

ఇక చెక్‌డిస్క్ సంగతి. కమాండ్‌గా కొట్టేటప్పుడు సీహెచ్‌కేడీఎస్‌కే. స్విచ్ (కమాండ్ పక్కన పెట్టే ఆప్షన్) ఏదీ లేకుండా నడిపితే చదువుతుంది తప్ప ఏమీ మార్చదు. స్లాష్ ఎఫ్ పెడితే సరిచేస్తుంది. స్లాష్ ఆర్ పెడితే అది కాక బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్ మీద పాడైన చోట్లు కూడా వెతుకుతుంది. సరిచేయాలంటే వాల్యూమ్‌ను, అంటే ఆ డ్రైవ్‌ను, ఇంకెవరూ వాడకుండా పూర్తిగా లాక్ చేసుకోవాలి. సి డ్రైవ్ మీద విండోసే నడుస్తోంది కాబట్టి అక్కడ లాక్ దొరకదు. "తర్వాత రీస్టార్ట్ చేసినప్పుడు చెక్ చేయమంటారా" అని అడుగుతుంది, మనం వై కొడతాం.

అప్పుడు పని ఆటోచెక్ అనే ప్రోగ్రామ్ చేతికి వెళ్తుంది. లాగిన్ తెర కంటే ముందే, పేజ్‌ఫైల్ (ర్యామ్‌కు తోడుగా డిస్క్ మీద వాడే ఫైల్) కూడా తెరుచుకోకముందే, విండోస్‌ను మొదలుపెట్టే సెషన్ మేనేజర్ దాన్ని నడుపుతుంది. ఇంత తొందరగా నడిపేదే వాల్యూమ్‌ను ఇంకెవరూ పట్టుకోకముందు లాక్ చేసుకోవడానికి. కానీ బూట్ డ్రైవర్లు అంతకంటే ముందే లోడవుతాయి, సెక్యూరిటీ డ్రైవర్లలో చాలావరకు ఆ రకమే. వాటిలో ఏదో ఒకటి ఆ వాల్యూమ్ మీద ఫైల్ తెరిచి ఉంచినా, నేరుగా డిస్క్ తెరవడాన్ని అడ్డుకున్నా ఆటోచెక్ చేతులెత్తేస్తుంది. "డైరెక్ట్ యాక్సెస్ కోసం వాల్యూమ్ తెరవలేకపోయాను, ఇటీవల ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్ వల్ల ఆటోచెక్ నడవడం లేదు, సిస్టమ్ రీస్టోర్ చేసుకోండి" అన్న అర్థంలో ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్ వచ్చి రెప్పపాటులో మాయమవుతుంది. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి, చివర్లో ఉండే పొడుగాటి కోడ్ చూడాలి. అందులో అంకెల జంటలు 76, 6ఎఫ్, 6సి, 75, 6డి, 65, 2ఇ, 63 అని ఉంటే భయపడక్కర్లేదు. ఆస్కీ అక్షరాల్లోకి మారిస్తే అది "వాల్యూమ్ డాట్ సి", అంటే ఒక సోర్స్ ఫైల్ పేరు. డిస్క్ పాడైందని ఆ కోడ్ చెప్పడం లేదు. వాల్యూమ్ తెరిచే చోటే ఆగానంటోంది, అంతే.

అసలు మెసేజే రాకుండా నేరుగా డెస్క్‌టాప్ వచ్చేసిందా? అయితే యాంటీవైరస్‌ను అనే ముందు రెండు సంగతులు చూడండి. మొదటిది, మీరు షట్ డౌన్ చేసి ఆన్ చేశారా, రీస్టార్ట్ కొట్టారా? ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ అనేది సగం హైబర్నేషన్ లాంటిది, కెర్నెల్ కొత్తగా మొదలవ్వదు, ఆటోచెక్‌కు వంతు రాదు. రీస్టార్ట్ కొడితేనే వస్తుంది. రెండోది రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే చోటు. లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, సెషన్ మేనేజర్ దాకా వెళ్లి "బూట్ ఎగ్జిక్యూట్" విలువ తెరవండి. మామూలుగా అందులో "ఆటోచెక్ ఆటోసీహెచ్‌కే *" అన్న ఒక్క లైనే ఉంటుంది. బూట్ టైమ్ స్కాన్ ఇచ్చే యాంటీవైరస్‌లు, పార్టిషన్ టూల్స్ తమ లైన్లు ఇక్కడే చేరుస్తాయి. సరిగా అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే ఆ లైన్లు మిగిలిపోతాయి, ఒక్కోసారి అసలు లైనే ఎగిరిపోతుంది. ఈ విలువ మాల్‌వేర్‌కు కూడా ఇష్టమైన చోటు కాబట్టి కొన్ని సెక్యూరిటీ సూట్లు దీనిలో మార్పును అనుమానంగా చూసి వెనక్కి తిప్పేస్తాయి. చెక్ షెడ్యూల్ చేసి, రీస్టార్ట్ చేయకుండానే ఈ విలువ చూడండి. కొత్త లైను చేరకపోయినా, చేరి కాసేపటికి మాయమైనా దొంగ దొరికినట్టే.

లైన్లు కెలకడం ఇష్టం లేకపోతే "చెక్ ఎన్‌టీఎఫ్ఎస్" కమాండ్ ఉంది. దాన్ని స్లాష్ డితో నడిపితే బూట్ చెకింగ్ సెట్టింగ్ మామూలు స్థితికి వస్తుంది, స్లాష్ సి పెట్టి డ్రైవ్ పేరిస్తే ఆ డ్రైవ్‌ను చెకింగ్ జాబితాలో పెడుతుంది. డ్రైవ్ మీద డర్టీ గుర్తు (చెక్ చేయాలని విండోస్ పెట్టుకునే గుర్తు) ఉందో లేదో "ఎఫ్ఎస్‌యుటిల్ డర్టీ క్వెరీ సి:" చెబుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. యాంటీవైరస్ డ్రైవర్ అసలు లోడవ్వని చోట చెక్ నడపాలి. సేఫ్ మోడ్ దీనికి నమ్మదగినది కాదు, చాలా సూట్లు సేఫ్ మోడ్‌లో కూడా లోడయ్యేలా రిజిస్టర్ చేసుకుంటాయి. విండోస్ రికవరీ ఎన్విరాన్‌మెంట్ సరైన చోటు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టండి. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్. ఇది ర్యామ్‌లో, ఎక్స్ డ్రైవ్ పేరుతో నడుస్తుంది. మీ విండోస్‌లోని డ్రైవర్లేవీ ఇక్కడికి రావు. ముందు "డిస్క్‌పార్ట్", తర్వాత "లిస్ట్ వాల్యూమ్" కొట్టి, మీ విండోస్ ఉన్న డ్రైవ్‌కు ఇక్కడ ఏ అక్షరం పడిందో సైజు చూసి పోల్చుకోండి. సి అనుకుని వేరే పార్టిషన్‌ను చెక్ చేసి "అంతా బాగుంది" అనుకునేవాళ్లు ఎంతోమంది. ఆ తర్వాత "ఎగ్జిట్", ఆ అక్షరంతో చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్.

బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దాన్ని మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలోంచి ముందే రాసిపెట్టుకోండి. ఆఫీస్ ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్‌తో లక్షల మిషన్లు నీలి తెర మీద ఆగినప్పుడు, ఎంతోమందికి రిపేర్ కంటే ఈ కీ వెతకడమే పెద్ద పనైంది.

రికవరీలో చెక్ చివరిదాకా శుభ్రంగా నడిచి, విండోస్ బూట్‌లో మాత్రం నడవలేదంటే తప్పు డ్రైవర్‌ది. రికవరీలోనూ అదే చోట కొట్టుకుంటోందంటే డిస్క్‌ను అనుమానించండి, యాంటీవైరస్‌ను వదిలేయండి. అలాంటప్పుడు పొరపాటున కూడా స్లాష్ ఆర్ పెట్టొద్దు. డిస్క్ మొత్తం చదవాలి కదా, 1 టీబీ హార్డ్‌డిస్క్ సెకనుకు 100 ఎంబీ చదివినా సుమారు రెండు ముప్పావు గంటలు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కు అది ఆఖరి దెబ్బ కావచ్చు. ముందు డేటా కాపీ చేసుకోండి, తర్వాత స్మార్ట్ విలువలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు చూడండి. 05, సి5, సి6 పెరుగుతుంటే డిస్క్ మార్చాల్సిందే. సి7 ఒక్కటే పెరుగుతుంటే కేబుల్ మార్చి చూడండి. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ కింద "డిస్క్" పేరుతో 7, 153 నంబర్ ఈవెంట్లు వరసగా కనిపించినా ఇదే కథ.

పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లతో గొడవ వేరు. గుచ్చగానే యాంటీవైరస్ స్కాన్ మొదలెడుతుంది, అదే సమయంలో మీరు స్లాష్ ఎఫ్ కొడతారు. "వేరే ప్రాసెస్ వాడుతోంది, బలవంతంగా డిస్‌మౌంట్ చేయనా, తెరిచి ఉన్న హ్యాండిల్స్ అన్నీ చెల్లకుండా పోతాయి" అని పెద్ద అక్షరాల్లో హెచ్చరిక వస్తుంది. కాపీ ఏదీ నడవకపోతే వై కొట్టవచ్చు, స్లాష్ ఎక్స్ కూడా అదే పని చేస్తుంది. కాపీ నడుస్తుంటే మాత్రం ఆగండి. పట్టుకున్నది ఎవరో తెలియాలంటే ట్రేలోంచి సేఫ్‌గా ఎజెక్ట్ చేయబోండి. అది కుదరకపోతే సిస్టమ్ లాగ్‌లో కెర్నెల్ పీఎన్‌పీ పేరుతో 225 నంబర్ ఈవెంట్ పడుతుంది, అందులో ప్రోగ్రామ్ పూర్తి పాత్, ప్రాసెస్ ఐడీ ఉంటాయి. ఊహాగానాలు అక్కర్లేదు.

చెక్‌డిస్క్ కాకుండా బయటి డిస్క్ టూల్స్ వాడేవాళ్లకు ఇంకో ఉచ్చు. డిఫెండర్‌లో "కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్" ఆన్ చేసి ఉంటే, సెక్టార్‌కు నేరుగా రాయబోయే తెలియని ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. టూల్ మాత్రం "రైట్ ఎర్రర్" అని చూపిస్తుంది, మనం డిస్క్ పోయిందనుకుంటాం. ఈవెంట్ వ్యూయర్‌లోని డిఫెండర్ ఆపరేషనల్ లాగ్‌లో 1127 నంబర్ ఈవెంట్ ఉందేమో చూడండి. ఉంటే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ పేజీలో ఆ ఒక్క టూల్‌కే అనుమతి ఇవ్వండి. అలాగే పాత టూల్స్ కొన్ని సొంత కెర్నెల్ డ్రైవర్ వేసుకుంటాయి. విండోస్ 11 2022 అప్‌డేట్ నుంచి ప్రమాదకర డ్రైవర్ల బ్లాక్‌లిస్ట్ మామూలుగానే ఆన్‌లో వస్తోంది, వాటిని లోడవ్వనివ్వదు. ఆ రక్షణ తీసేయమని సలహా ఇచ్చే వీడియోలను నమ్మొద్దు. టూల్ కొత్త వెర్షన్ వెతకండి, లేకపోతే వేరే టూల్ చూసుకోండి.

రిపోర్ట్ చదవడంలోనూ జాగ్రత్త కావాలి. నడుస్తున్న సి డ్రైవ్ మీద స్విచ్ లేకుండా చెక్ చేస్తే, అది చదువుతుండగానే యాంటీవైరస్ తన డేటాబేస్, లాగ్ ఫైళ్లు రాస్తూ ఉంటుంది, దాంతో లేని తప్పులు కనిపించవచ్చు. దానికి బదులు స్లాష్ స్కాన్ వాడండి. విండోస్ 8 నుంచి ఉంది, ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌లకే పనిచేస్తుంది. ఫైల్ 9లో ఎస్ఐఐ, ఎస్‌డీహెచ్ ఇండెక్స్‌లు శుభ్రం చేశానని వస్తే అది వాడకంలో లేని సెక్యూరిటీ డిస్క్రిప్టర్ల (ఫైల్‌ను ఎవరు తెరవొచ్చో చెప్పే రికార్డుల) ఊడ్పు మాత్రమే, డిస్క్ పాడైనట్టు కాదు. బూట్‌లో జరిగిన చెక్ ఫలితం అప్లికేషన్ లాగ్‌లో విన్ఇనిట్ 1001 కింద, విండోస్‌లో నడిపినవి చెక్‌డిస్క్ పేరుతో 26212, 26214, 26226 కింద దొరుకుతాయి.

డ్రైవరే దోషి అని తేలితే కంట్రోల్ ప్యానెల్ అన్‌ఇన్‌స్టాల్‌తో సరిపెట్టకండి. ఆ కంపెనీ ఇచ్చే రిమూవల్ టూల్ నడిపి, రీస్టార్ట్ చేసి, ఎఫ్ఎల్‌టీఎంసీలో పేరు పోయిందో లేదో చూడండి. రిజిస్ట్రీలో వాల్యూమ్ క్లాస్ కింద ఉండే అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ మొత్తం డిలీట్ చేయమని కొందరు రాస్తుంటారు. ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. వాల్‌స్నాప్, ఎఫ్‌వీఈవాల్ లాంటి విండోస్ సొంత డ్రైవర్లు అక్కడే ఉంటాయి, డిస్క్ క్లాస్ కింద పార్ట్‌ఎంజీఆర్ ఉంటుంది. అవి పోతే తర్వాతి బూట్‌లో 0ఎక్స్7బి నీలి తెరే, అంటే విండోస్‌కు తన డిస్కే అందదు.

యాంటీవైరస్ తీశాక డిఫెండర్ తనంతట తానే ఆన్ అవుతుంది కాబట్టి మిషన్ దిక్కులేకుండా ఉండదు. అప్పుడు స్లాష్ ఎఫ్ నడపండి. ఆ తర్వాత డ్రైవ్ రూట్‌లో "ఫౌండ్ డాట్ 000" అనే దాచిన ఫోల్డర్ ఉందేమో చూసి, అందులోని సీహెచ్‌కే ఫైళ్లను, అంటే చెక్‌డిస్క్ ఏరిపెట్టిన ఫైళ్ల ముక్కలను, వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి. కొత్త యాంటీవైరస్ వేయడం ఆ తర్వాతే, లేకపోతే మొదటి ఫుల్ స్కాన్‌లోనే ఆ ముక్కల్లో కొన్నిటిని అనుమానించి క్వారంటైన్‌లో పడేయవచ్చు.